కుడి అంచున ఎడమకాలు

ఎదుటివాడు దాచియుంచిన ఎత్తును ఎదుర్కొనుట కష్టమని అందరును ఎరుగుదురు. కాని అందరికిని తెలిసిన ఎత్తును, ఒకే విధముగ ఏండ్ల తరబడి ప్రయోగించుచున్నను, ఆపుట దుస్సాధ్యమయ్యెనన్నచో ఆశ్చర్యము కలుగక మానదు. ఫుట్‌బాల్ క్రీడలో ఇట్టి ఆశ్చర్యమును కలిగించినవాడు హాలెండు దేశీయుడైన ఆర్యెన్ రాబెన్. ఆతని క్రీడాజీవితమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట నేటి ప్రసంగము ఉద్దేశము.

ఫుట్‌బాల్ జట్టులో 11 మంది ఆటగాండ్రు ఉందురు. మైదానమునకు ఇరుప్రక్కల గీత వెంబడి దాడి చేయువారిని వింగర్లందురు. కుడిప్రక్కన కుడికాలివాటము గలవానిని, ఎడమప్రక్కన ఎడమకాలివాటము గలవానిని నిలుపుట పాత ఆచారము. గీత చివరివరకు పరుగెత్తి, గోలు ముంగిట నిలిచిన తోటివానికి బంతిని అందించుట వారి పని. రాబెన్ ఎడమకాలివాటపువాడు. తొలినాళ్లలో ఎక్కువగా ఎడమప్రక్కనే ఆడెను. కాని ఆతనికి కీర్తి తెచ్చినది కుడిప్రక్క.

ఆతని ఎత్తు ఇది. కుడి గీత చెంత బంతిని అందుకొని, ఎదుట నిలిచిన బ్యాకుపైకి నేరుగా పరుగెత్తును. బంతి ఎడమకాలిని విడువక, అడుగడుగునకు తగులుచు సాగును. పెనాల్టీ పెట్టె మూలకు చేరునప్పటికి చటుక్కున లోపలికి తిరుగును. రెండు మూడడుగులు అడ్డముగా పరుగెత్తి, ఎడమకాలితో బంతిని వంపు తిరుగునట్లు దూరపు స్తంభము ప్రక్కగా గోలులోనికి కొట్టును.

ఇంతమాత్రమును ఏల ఆపలేకపోయిరి? కిటుకు మలుపులో లేదు. మలుపు తిరుగు క్షణములో కలదు. ఎదుటివాడు తన బరువును ఏ కాలిపై మోపెనో రాబెన్ కనిపెట్టుచుండును. బరువు బయటివైపు కాలిపై పడిన మరుక్షణమే తాను లోపలికి తిరుగును. ఎదుటివాడు కాలు మార్చుకొనునంతలో దారి దొరకును. ముందుగనే లోపలి దారిని మూసి నిలిచినచో బయటి దారిని తెరచినట్లగును. ఆ దారిన తోటి ఆటగాడు ఫిలిప్ లామ్ వెనుకనుండి పరుగెత్తి వచ్చుచుండును. కావున ఏమి జరుగనున్నదో బ్యాకునకు తెలియును. ఎప్పుడు జరుగునో తెలియదు.

రాబెన్ 1984 జనవరి 23వ తేదీన, హాలెండునకు ఉత్తరముననున్న గ్రోనింగెన్ నగరము చేరువ, బేడుమ్ అను చిన్న ఊరిలో జన్మించెను. బంతిని కాలికి వశము చేయుటకై కూర్వర్ అను డచ్చి శిక్షకుడు ఏర్పరచిన సాధనపద్ధతిని బాల్యముననే అభ్యసించెను. 2000వ సంవత్సరమున, పదునారేండ్ల ప్రాయములో, గ్రోనింగెన్ జట్టు తరపున లీగులో ఆడెను. 2002లో ఐండ్‌హోవెన్ నగరపు పి.ఎస్.వి. జట్టునకును, 2004లో లండనునందలి చెల్సీకిని, 2007లో స్పెయినునందలి రియల్ మాడ్రిడ్‌కును, 2009లో జర్మనీయందలి బయర్న్ మ్యూనిక్‌కును చేరెను. ఈ నాలుగు దేశములలోను ఆతడున్న జట్టు లీగు విజేతగా నిలిచెను. బయర్న్ తరపున తొలి పోటీలో సగము ఆట ముగిసిన పిదప దిగి రెండు గోళ్లు చేసెను.

ఇంత ప్రతిభ కలవానికి దేహమే శత్రువయ్యెను. మెరుపువలె పరుగెత్తు ఆ తొడల కండరములు మాటిమాటికిని చిట్లుచుండెను. 2010 ప్రపంచకప్పునకు కొలది దినములముందు గాయపడి, జట్టును ఆలస్యముగా చేరుకొనెను. అయినను హాలెండు ఫైనలునకు చేరెను. జూలై 11వ తేదీన జొహానెస్‌బర్గ్‌లో స్పెయినుతో పోటీ. ఇరువురికిని గోలు లేని సమయమున స్నైడర్ అందించిన బంతితో రాబెన్ ఒంటరిగా దూసుకొనిపోయెను. ఎదుట గోల్‌కీపరు కసియ్యాస్ ఒక్కడే. బంతి ఆ గోల్‌కీపరు పాదమునకు తగిలి ప్రక్కకు పోయెను. అదనపు సమయమున ఇనియెస్టా చేసిన గోలుతో కప్పు స్పెయినునకు దక్కెను. ఇంటికి వచ్చిన పిదప పరీక్షింపగా గాయము మానలేదని తేలెను. ఆరు మాసములవరకు మైదానము మొగము చూడలేకపోయెను.

2012 మరింత చేదు సంవత్సరము. ఏప్రిలు 11వ తేదీన డార్ట్‌మండ్ జట్టుతో లీగు పోటీలో ఆతడు కొట్టిన పెనాల్టీని గోల్‌కీపరు వైడెన్‌ఫెల్లర్ పట్టుకొనెను. బయర్న్ ఒక్క గోలుతో ఓడెను. మే 19వ తేదీన ఐరోపా ఛాంపియన్స్ లీగు ఫైనలు స్వంత నగరమైన మ్యూనిక్‌లోనే జరిగెను. ప్రతిపక్షము తన పూర్వపు జట్టు చెల్సీ. అదనపు సమయమున మరల పెనాల్టీ, మరల రాబెన్. చెల్సీ గోల్‌కీపరు పీటర్ చెక్ దానిని అడ్డెను. తుదకు చెల్సీ గెలిచెను. మూడు దినములు గడచినవో లేదో అదే నగరమున బయర్న్‌నకును హాలెండునకును స్నేహపూర్వకమైన పోటీ జరిగెను. రాబెన్ ప్రపంచకప్పులో గాయపడినందుకు పరిహారముగా ఏర్పాటు చేయబడిన పోటీ అది. ఆనాడు హాలెండు దుస్తులలో దిగిన ఆతనిని చూచి బయర్న్ అభిమానులే ఈలలు వేసి అవమానించిరి.

ఆతడు జట్టును విడిచిపోలేదు. మరుసటి ఏడు జట్టులో చోటును స్థిరము కాలేదు. 2013 ఏప్రిలులో టోని క్రూస్ గాయపడుటచే అవకాశము దొరకెను. మే 25వ తేదీన లండనునందు వెంబ్లీ మైదానములో మరల ఛాంపియన్స్ లీగు ఫైనలు. ప్రతిపక్షము డార్ట్‌మండ్, గోలులో అదే వైడెన్‌ఫెల్లర్. మొదటి సగములోనే రాబెన్‌నకు చక్కని అవకాశములు తప్పిపోయెను. చూచువారు పాత కథయే పునరావృతమగుచున్నదని తలపోసియుందురు. అయినను ఆతడు బంతిని కోరుట మానలేదు. 60వ నిమిషమున మాంజుకిచ్‌చే గోలు చేయించెను. డార్ట్‌మండ్ సమము చేసెను. 89వ నిమిషమున రిబెరి అందించిన బంతితో ఇరువురి నడుమనుండి దూరి గోల్‌కీపరు ముందు నిలిచెను. ఈసారి బలముగా కొట్టలేదు. ఎడమకాలితో మెల్లగా త్రోయగా, ఒక ప్రక్కకు కదలుచున్న వైడెన్‌ఫెల్లర్‌నకు రెండవ ప్రక్కగా బంతి దొర్లుకొనుచు గోలులోనికి పోయెను. బయర్న్ విజేతయయ్యెను.

కసియ్యాస్‌తో లెక్క ఇంకను మిగిలియుండెను. 2014 జూన్ 13వ తేదీన బ్రెజిలు దేశమునందలి సాల్వడోర్‌లో ప్రపంచకప్పు తొలి పోటీలలో హాలెండు స్పెయినును 5–1 గోళ్లతో ఓడించెను. అందు రెండు రాబెన్‌వి. రెండవదానిని కసియ్యాస్‌ను చుట్టివచ్చి చేసెను. ఆ ఏడు హాలెండు మూడవ స్థానము పొందెను. అయితే ఆతని ఆటలో మచ్చ లేదనుట సత్యము కాదు. మెక్సికోతో జరిగిన పోటీలో ఒకసారి కావలెననియే పడితినని తానే ఒప్పుకొని క్షమాపణ చెప్పెను.

దేశము తరపున 96 పోటీలలో 37 గోళ్లు, బయర్న్ తరపున 309 పోటీలలో 144 గోళ్లు చేసి, 2019లో ఆట విరమించెను. మరుసటి సంవత్సరము మహమ్మారి వలన క్రీడాసంఘములు ఇబ్బంది పడుచుండగా, 36 ఏండ్ల ప్రాయమున మరల గ్రోనింగెన్ జట్టు దుస్తులు ధరించెను. తొలి పోటీలోనే, పి.ఎస్.వి.తో ఆడుచు, గాయపడి వెలుపలికి పోవలసివచ్చెను. మాసముల తరబడి ఓర్చి తిరిగి వచ్చెను. 2021 మేనెలలో ఒక పోటీలో తోటివారికి రెండు గోళ్లు అందించెను. జూలైలో శాశ్వతముగా వీడ్కొలిపెను.

గెలుపులను మాత్రమే లెక్కించువారికి ఈతని జీవితములో సగమే కనబడును. కసియ్యాస్ పాదము, చెక్ చేతులు, సొంతవారి ఈలలు — ఇన్నియు తెలిసియు, 89వ నిమిషమున బంతి తన యొద్దకే రావలెనని ఆతడు కోరెను. సాధనచే అబ్బిన ఎత్తు ఆతనిని గొప్ప ఆటగానిగా చేసెను. ఓటమి పిదప అదే ఎత్తును, అదే ధైర్యముతో, అందరియెదుట మరల ప్రయోగించుట ఆతనిని మరపురానివానిగా చేసెను.