పంటి డాక్టర్ "మత్తు ఇస్తాం" అంటే ఏ మత్తు?

ఈ ఎపిసోడ్ పంటి డాక్టర్ అంటే భయపడేవాళ్ల కోసం. సూది చూడగానే చెమటలు పట్టేవాళ్లు, డ్రిల్ మోగగానే కుర్చీలోంచి లేచి వచ్చేసేవాళ్లు, పిప్పిపన్ను పెట్టుకుని లవంగం నూనెతో ఏడాది లాగించేవాళ్లు. నవ్వకండి, వీళ్లేం పిరికివాళ్లు కాదు. నా పాత ఆఫీసులో ఒక టీమ్ లీడ్ ఉండేవాడు. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినా కంగారు పడేవాడు కాదు. కానీ రూట్ కెనాల్ అపాయింట్‌మెంట్ నాలుగుసార్లు క్యాన్సిల్ చేశాడు. చివరికి ఆ పన్ను పీకేయాల్సి వచ్చింది. చిన్న ఫిల్లింగ్‌తో పోయేది, భయం వల్ల అక్కడిదాకా వెళ్లింది.

నేను బీటెక్, డాక్టర్ని కాదు. అందుకే డోసులు చెప్పను. ఏమేం ఉన్నాయి, ఏం అడగాలి, అంతవరకే.

మనకి తెలుగులో ఒక చిక్కుంది. చిగురులో ఇచ్చే లిగ్నోకెయిన్ సూదినీ "మత్తు ఇంజక్షన్" అంటాం, ఆపరేషన్ థియేటర్లో మనిషిని పూర్తిగా పడుకోబెట్టేదాన్నీ మత్తే అంటాం. మొదటిది అక్కడి నరాన్ని మొద్దుబారేలా చేస్తుంది, నొప్పి తెలియదు. కానీ డ్రిల్ శబ్దం వినిపిస్తుంది, లాగుతున్న ఒత్తిడి తెలుస్తుంది, గుండె దడదడ మామూలే. ఆ దడ మీద పనిచేసేది సెడేషన్. డాక్టర్ "ఏం భయం లేదు, మత్తు ఇస్తాం" అంటే ఎక్కువసార్లు చిగురు సూది గురించే చెప్తున్నట్టు. మీకు కావాల్సింది రెండోది అయితే నోరు తెరిచి అడగాలి. ఇంకో మాట, సెడేషన్ తీసుకున్నా చిగురు సూది మామూలుగా ఉంటుంది. కాకపోతే అప్పుడు దాని గురించి అంత పట్టించుకోరు.

అన్నిటికంటే తేలికైనది లాఫింగ్ గ్యాస్, అంటే నైట్రస్ ఆక్సైడ్. దీని కథ భలే ఉంటుంది. 1844 డిసెంబర్‌లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరేస్ వెల్స్ అనే పంటి డాక్టర్ ఒక షోకి వెళ్లాడు. అప్పట్లో ఈ గ్యాస్ పీల్పించడం జనానికి ఒక వినోదం. గ్యాస్ పీల్చిన ఒకతను గంతులేస్తూ కాలికి దెబ్బ తగిలించుకున్నాడు, నొప్పే తెలియలేదు. అది చూసి వెల్స్ మర్నాడే తను గ్యాస్ పీల్చి, తన పన్నే పీకించుకున్నాడు! తర్వాతి నెల బోస్టన్‌లో అందరి ముందు చేసి చూపిస్తే పేషెంట్ అరిచాడు, అంతా మోసం అన్నారు. లైవ్ డెమో ఫెయిలవడం మా సాఫ్ట్‌వేర్ వాళ్లకే కాదన్నమాట.

ఇప్పుడు దీన్ని ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మీద చిన్న మాస్క్‌తో ఇస్తారు. మీరు మెలకువగానే ఉంటారు, మాట్లాడతారు, వేళ్లు కొంచెం తిమ్మిరిగా, మనసు తేలిగ్గా ఉంటుంది. గ్యాస్ ఆపి కొన్ని నిమిషాలు ఉత్త ఆక్సిజన్ ఇస్తే దిగిపోతుంది. ముక్కు దిబ్బడ ఉంటే మాత్రం పనిచేయదు, జలుబు తగ్గాక వెళ్లండి. గర్భం ఉన్నా, బీ12 లోపం ఉన్నా ముందే చెప్పాలి.

తర్వాత ట్యాబ్లెట్. వేసుకున్నాక ఎక్కడానికి టైమ్ పడుతుంది, ఎక్కాక తగ్గించడం కుదరదు. మిడజోలామ్ లాంటి మందుతో డాక్టర్ అడిగినదానికి జవాబు చెప్తారు, తర్వాత చాలావరకు గుర్తుండదు. ఆ రోజంతా బండి నడపకూడదు, వెంట ఒక మనిషి ఉండాలి.

ఇక్కడే నాకు అసలు భయం. "నాన్నమ్మ నిద్రమాత్ర ఇంట్లో ఉంది కదా, ఒకటి వేసుకుని వెళ్దాం" అనుకుంటారు. దయచేసి వద్దు. ఆల్ప్రజోలామ్ లాంటివి మన దేశంలో షెడ్యూల్ హెచ్1 మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు. మీరు చెప్పకుండా మింగి వెళ్తే, డాక్టర్ తన మందు తను ఇస్తే, రెండూ కలిసి ఊపిరి మందగించొచ్చు. దానికి మందు కొట్టడం కూడా తోడైతే ఇంకా ప్రమాదం.

మూడోది నరానికి ఎక్కించేది, ఐవీ సెడేషన్. కొంచెం కొంచెంగా ఇస్తూ సరిచేసుకోవచ్చు, అది దీని బలం. కానీ తేలికపాటి మత్తుకీ గాఢమైన మత్తుకీ మధ్య గోడ ఉండదు, మనిషి జారిపోవచ్చు. అందుకే డాక్టర్ పంటి పనిలో ఉంటే, మీ ఊపిరిని చూస్తూ ఉండటానికి ట్రైనింగ్ ఉన్న ఇంకో మనిషి కావాలి. కోవిడ్‌లో వేలికి పెట్టుకున్నామే ఆక్సీమీటర్, అది ఉండాలి. బీపీ మెషిన్, ఆక్సిజన్, మత్తు దించే ఫ్లుమజెనిల్ లాంటి మందు కూడా. ఇవి లేకుండా "చిన్న ఇంజక్షనే" అంటే నేనైతే లేచి వచ్చేస్తా. ఫుల్ అనస్థీషియా హాస్పిటల్లో, అనస్థీషియా డాక్టర్ చేతుల్లో జరిగేది. చాలా పళ్లు పుచ్చిన చిన్నపిల్లలకి, అసలు కుర్చీలో కూర్చోలేనివాళ్లకి వాడతారు.

ఐవీకి, ఫుల్ అనస్థీషియాకి మామూలుగా 6 గంటల ముందు నుంచి తిండి, 2 గంటల ముందు నుంచి నీళ్లు ఆపమంటారు. మీ డాక్టర్ చెప్పిన టైమే ఫైనల్. పొద్దున ఇడ్లీ తిని "తినలేదు" అని అబద్ధం చెప్పొద్దు. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గురక ఎక్కువున్నా, రోజూ ఏ మందు వాడుతున్నా చెప్పండి.

భయం కొంచెమే అయితే వీటిలో ఏదీ అక్కర్లేకపోవచ్చు. "నేను ఎడమ చెయ్యి ఎత్తితే ఆపండి" అని ముందే ఒప్పందం చేసుకోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్. అపాయింట్‌మెంట్ పొద్దున్నే తీసుకోండి, సాయంత్రం వరకు ఊహించుకుంటూ కూర్చోవద్దు.

ఫోన్ చేసినప్పుడు ఇలా అడగండి: "సార్, నాకు బాగా భయం. చిగురు సూది కాకుండా సెడేషన్ ఉందా? ఎవరిస్తారు? పని జరిగేటప్పుడు నన్ను ఎవరు చూస్తుంటారు? ఎంతవుతుంది?" ఖర్చు విడిగా ఉండొచ్చు కాబట్టి ఆ చివరిది మర్చిపోవద్దు. సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.