రసాయనశాస్త్రపు బి.ఎస్సీ. దేనికొఱకు?

(మన సంఘపు విద్యార్థుల సభయందు చేసిన ఉపన్యాసము)



మన యిండ్లలోని పిల్లలు పలువురు రసాయనశాస్త్రమును కోరుకొనుచున్నారని విని సంతసించితిమి. ఎన్నియేండ్లు చదువవలెను, ఏమేమి కావలెను అని తల్లిదండ్రులు మమ్మడిగినారు. ముందుగా దానికి బదులు చెప్పెదము.

ఇంటర్మీడియట్టులోనో ప్లస్ టూలోనో రసాయనశాస్త్రము చదివియుండవలెను. గణితమును కొన్ని కళాశాలలు కోరును, కొన్ని కోరవు. కాని సంవర్గమానములు, కలనము రానివారు భౌతిక రసాయనమున చిక్కుపడుట తప్పదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో ప్రకటించిన పద్ధతినిబట్టి మూడేండ్ల పట్టమునకు కనీసము 120 క్రెడిట్లు, నాలుగేండ్ల ఆనర్సునకు 160. కర్ణాటకము 2024లో మరల మూడేండ్ల పద్ధతికే మరలినది. కావున పొరుగు రాష్ట్రపు బంధువుల మాట నమ్మి దరఖాస్తు పెట్టక, చేరదలచిన కళాశాల నియమములనే చూచుకొనవలెను.

ఇక అసలు మాట. ఒక క్రెడిట్టునకు పాఠమైనచో సెమిస్టరుకు 15 గంటలు, ప్రయోగశాలయైనచో 30 గంటలు. రెట్టింపు కాలము నిలువబడి అదే ఫలమా యని విద్యార్థులు గొణుగుట మేమెఱుగుదుము. బ్యూరెట్టునుండి క్షారమును చుక్కచుక్కగా విడిచి, లేత గులాబిరంగు నిలిచినచోట ఆపి, అంకె వ్రాసికొని, రెండు అంకెలు 0.1 మి.లీ. లోపల కలియువఱకు మరల మరల చేయుట విసుగైన పనియే. అందుచే కొందఱు ఒక అంకె తీసి, రెండవదానిని కల్పించి వ్రాయుదురు. రికార్డు పుస్తకమును నిరుటివారి పుస్తకము చూచి నింపుదురు. మార్కులును వచ్చును! దీనిని మేము చిన్న తప్పుగా ఎంచజాలము.

2025లో మధ్యప్రదేశమందలి ఛింద్వాడా ప్రాంతమున దగ్గుమందు త్రాగిన పసిబిడ్డలు ఇరువదిమందికి పైగా మూత్రపిండములు చెడి మరణించిరి. ఆ మందు తయారైనది తమిళనాటి కాంచీపురము జిల్లాలో. అందు డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము నూటికి 48.6 వంతులున్నట్లు పరీక్షలో తేలినది, అనుమతించునది 0.1 వంతు మాత్రమే. మందులలో వాడు ప్రొపిలీన్ గ్లైకాలును, ఈ విషమును కంటికి ఒక్కతీరుననే యుండును: రెండును రంగులేని చిక్కని ద్రవములే. వాయు క్రోమటోగ్రఫీ వంటి పరీక్ష చేసినగాని భేదము తెలియదు. అట్టి పరీక్షలు చేసి సంతకము పెట్టు కొలువులలో రేపు కూర్చుండువారు మీరే. అంకెను కల్పించు అలవాటు అచ్చటికిని మీ వెంట రాగలదు.

మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరమున పుట్టి, మదరాసులో చదివి, హార్వర్డునకు పోయిరి. అచ్చట ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రకటించినది భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతి. ఆ కొలతయే 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటినును కనుగొనుటకు దారితీసినది. పేరుమోసిన ఔషధములన్నియు ఆ తరువాతివి.

మన పిల్లలకు మరియొక చిక్కు కలదు. ఇంట తెలుగు, బడిలో తమిళమో కన్నడమో ఒడియాయో, కళాశాలలో ఇంగ్లీషు. ప్రయోగము చేయించువారి మాట సగమే చెవికెక్కి, అడుగుటకు జంకి, పక్కవాని అంకె నెత్తివ్రాసికొనువారు కొందఱుందురు. దీనిని సోమరితన మనుట న్యాయము కాదు. రసాయనశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయులు మన సంఘమున కలరు. ఆదివారములందు రెండు గంటలు మొదటియేటి విద్యార్థుల చెంత కూర్చుండి, వచ్చు వారపు ప్రయోగమును తెలుగున విడమరచి చెప్పగలవారు తమ పేర్లను కార్యదర్శిగారి కందజేయ ప్రార్థించుచున్నాము.