అక్కడ ఎడమ, ఇక్కడ కుడి
(వార్షిక సమావేశంలో డ్రైవర్ల తరఫున చేసిన ప్రసంగం)



వారానికి ఒక్క శుక్రవారం దొరుకుతుంది మనకు. ఆ పూట కూడా నిద్ర మానుకొని, బట్టలు ఉతుక్కునే పని పక్కన పెట్టి వచ్చారు. అందుకని పెద్ద మాటలు చెప్పబోం. స్టీరింగ్ పట్టుకొని బతికేవాళ్లం కనుక మాకు తెలిసిన బండి సంగతే చెబుతాం. బండి నడపనివాళ్లు కూడా వినండి. రోడ్డు దాటనివాళ్లు మనలో ఎవరూ లేరు కదా.

ఊళ్లో పదేళ్లు జీపు, ఆటో నడిపి వచ్చినవాడు కూడా ఇక్కడ మొదటి రోజు కారు తలుపు తీసి కూర్చుంటే ఎదురుగా స్టీరింగ్ ఉండదు. అలవాటు కొద్దీ కుడి పక్క ఎక్కేసి ఉంటాడు. అందరం నవ్వుకుంటాం. ఆ నవ్వు అక్కడితో ఆగిపోతే ఫరవాలేదు. రోడ్డెక్కిన తరువాతే అసలు కష్టం.

మన దేశంలో ఎడమ పక్క నడపడం బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచి వచ్చిన పద్ధతి. కువైట్ కూడా 1961 దాకా బ్రిటిష్‌వాళ్ల రక్షణలోనే ఉంది. అయినా ఇక్కడ బండ్లు కుడి పక్కనే పోతాయి. స్వీడన్ దేశం 1967 సెప్టెంబరు 3న ఎడమ నుంచి కుడికి మారింది. అందుకు నాలుగేళ్ల ముందు నుంచే ఏర్పాట్లు చేసుకున్నారు, జనానికి నేర్పించారు, మారిన కొత్తలో వేగం కూడా తగ్గించారు. ఒక దేశానికే అంత సమయం పట్టింది. మనం మాత్రం విమానం దిగి, లైసెన్సు చేతికి రాగానే ఒక్కొక్కరం ఒంటరిగా మారిపోవాలి. బుద్ధికి తెలుస్తుంది. చేతికి, కాలికి, కంటికి తెలియడానికే రోజులు పడుతుంది. ప్రమాదం జరిగేది ఆ రోజుల్లోనే.

ముఖ్యంగా మూడు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది దవార్, అంటే రౌండబౌట్. మన దగ్గర గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతాం, ఇక్కడ దానికి ఎదురు తిరగాలి. లోపల తిరుగుతున్న బండి ఎడమ నుంచి వస్తుంది, ముందు దానికి దారి ఇవ్వాలి. మాలో ఒకతను మొదటి వారంలో తెల్లవారుజామున ఖాళీ దవార్‌లో ఎడమకు తిప్పాడు. ఎదురుగా వాటర్ ట్యాంకరు వచ్చింది. ఆ ట్యాంకరు డ్రైవరు బ్రేకు వేయబట్టి ఈ రోజు ఇక్కడ కూర్చొని మన మాటలు వింటున్నాడు.

రెండోది లైన్లు. ఫిఫ్త్ రింగ్, సిక్స్త్ రింగ్ లాంటి రోడ్ల మీద వేగంగా పోయేవాళ్లది ఎడమ చివరి లైను. మన ఊరి అలవాటుతో మెల్లగా పోదామని ఎడమకు చేరితే వెనక నుంచి లైట్లు కొట్టి మీద మీదకు వస్తారు. మెల్లగా పోయేవాడి చోటు కుడి పక్కన. ఇంకో మాట, మన దగ్గర 'ఫ్రీ లెఫ్ట్' ఉన్నట్టు ఇక్కడ ఎర్ర లైటు దగ్గర కుడికి తిప్పేయకండి. పక్కన వేరే దారి వేసి ఉంటేనే పోవాలి.

మూడోది నడిచిపోయేవాళ్లది. ఊళ్లో రోడ్డు దాటేటప్పుడు మొదట కుడి పక్క చూస్తాం. ఇక్కడ బండి మొదట ఎడమ నుంచి వస్తుంది. జిలీబ్‌లో, ఫర్వానియాలో, మహబూలాలో డ్యూటీ దిగి అలసిపోయి వచ్చే అన్నలకు, అక్కలకు మా మనవి ఒకటే. హైవేకి అడ్డం పడి దాటకండి. పది నిమిషాలు ఎక్కువైనా పై వంతెన ఎక్కండి.

ఇక జరిమానాల సంగతి. 1976 నాటి ట్రాఫిక్ చట్టాన్ని సవరించి, 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త జరిమానాలు పెట్టారు. బండి నడుపుతూ ఫోను పట్టుకుంటే 5 దినార్లు ఉండేది 75 అయింది. సీటు బెల్టుకు 10 ఉండేది 30, ఎర్ర లైటు దాటితే 50 ఉండేది 150 అయింది. వికలాంగుల చోట బండి నిలిపితే 10 ఉండేది అది కూడా 150. ఇది కోర్టుకు పోకుండా కట్టేసుకునే లెక్క. కోర్టు దాకా పోతే ఇంకా ఎక్కువ, జైలు కూడా ఉంది.

మన దేశంలోనూ 2019లో పెంచారు. సీటు బెల్టుకు వెయ్యి, లైసెన్సు లేకపోతే 5 వేలు. కానీ అక్కడ చలానా ఏళ్ల తరబడి కట్టనివాళ్లు ఎంతమంది లేరు! ఇక్కడ అట్లా కుదరదు. 2023 ఆగస్టు నుంచి మనలాంటి విదేశీయులు ముఖాలఫా బకాయి కట్టకుండా దేశం దాటి పోలేరు. చెల్లెలి పెళ్లికని టికెట్ తీసుకొని, ఎయిర్‌పోర్టులో ఆ సంగతి తెలిస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. నెలకొకసారి సహెల్ యాప్‌లో చూసుకోండి.

ఇక్కడ మనసు విప్పి ఒక మాట చెప్పాలి. మాలో హౌస్ డ్రైవరు ఒకతను పిల్లలను బడి దగ్గర దించి వస్తుంటే ఇంటి నుంచి ఫోను వచ్చింది, ఖుబ్బూస్ తెమ్మని. ఎత్తకపోతే కోపం, ఎత్తితే కెమెరా. ఎత్తాడు. 75 దినార్లు పడింది, జీతంలో పట్టుకున్నారు. జీతం 120. మన డబ్బుల్లో ఇరవై వేలు పైన పోయింది. ఆ నెల ఇంటికి పంపాల్సింది పంపలేకపోయాడు. ఫోను చేసిందెవరు, కట్టిందెవరు?

తరువాత అతను ధైర్యం చేసి ఇంట్లోవాళ్లకు మర్యాదగానే చెప్పాడు. "నడిపేటప్పుడు ఎత్తను, మెసేజ్ పెట్టండి, బండి ఆపి నేనే చేస్తాను" అన్నాడు. వాళ్లు ఒప్పుకున్నారు. అడగకముందు మనం అనుకున్నంత కష్టమేమీ కాలేదు. మీరూ చెప్పండి. మనకొచ్చిన అరబ్బీలోనే చెప్పండి. "అనా సూగ్ సయ్యారా, బాదైన్ కలామ్" అంటే చాలు.

ఇంకో జాగ్రత్త. బండి ఉండేది సేటు పేరు మీద. ఇంట్లో కుర్రాళ్లు కూడా అదే బండి నడుపుతారు. ఏ రోజు, ఏ గంటకు బండి మీ చేతిలో ఉందో చిన్న పుస్తకంలో రాసుకోండి. వాళ్లు వేగంగా పోయి తెచ్చిన ముఖాలఫా మీ నెత్తిన పడకుండా అదే మీకు ఆధారం.

యాక్సిడెంట్ అయితే? ఊళ్లో జనం కొడతారనే భయంతో పారిపోయే అలవాటు ఒకటుంది. ఇక్కడ పారిపోతే చిన్న కేసు పెద్దదవుతుంది. ఆగండి, 112కి ఫోను చేయండి, దెబ్బ తగిలినవాళ్లను చూడండి. చదవలేని అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టకండి, అర్థం చెప్పేవాళ్లను అడగండి. అవసరమైతే మన ఎంబసీకి తెలపండి.

చివరగా సెలవు మీద ఊరికి పోయేటప్పటి సంగతి. దీన్ని అందరం మర్చిపోతాం. ఇక్కడ మూడేళ్లు కుడి పక్క నడిపిన చెయ్యి ఊళ్లోనూ కుడికే పోతుంది. మాలో రాయచోటి అన్న ఒకాయన ఊరు చేరిన మర్నాడే బావమరిది బైకు తీసుకొని, వదినను వెనక ఎక్కించుకొని రోడ్డెక్కాడు, కుడి పక్కకు! "ఏమయ్యా, ఎటు పోతాండావు?" అని ఆమె అరిచిన అరుపుకే పక్కకు లాగాడు. లారీ దాటిపోయింది. అది గువ్వలచెరువు ఘాట్‌లో అయ్యుంటే?

అందుకే ఊరికి పోతే మొదటి మూడు రోజులు బండి ముట్టకండి. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి అసలే వద్దు. కువైట్ లైసెన్సు జేబులో ఉంది కదా అని నడపకండి, మన దేశపు లైసెన్సు ఉండాలి. దాని గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ టెస్టు పెడతారు. సెలవులో ఉండగానే చూసుకోండి. ఇక్కడ కారులో బెల్టు పెట్టుకున్నవాళ్లం, అక్కడ బైకు మీద హెల్మెట్ పెట్టుకుందాం.

మా అందరి తరఫున ఒక్క కోరిక. ఈ ఏడాది కొత్తగా వచ్చిన తమ్ముడు ఎవరైనా మీ గదిలో ఉంటే, ఒక శుక్రవారం అతన్ని దగ్గర్లోని దవార్ దాకా నడిపించుకు పోండి. పక్కన అరగంట నిలబడి బండ్లు ఎట్లా తిరుగుతున్నాయో చూపించండి. మేమెవరం వచ్చిన కొత్తలో అట్లా చూపించినవాళ్లు లేరు. మన తరువాత వచ్చేవాళ్లకు మనం ఉన్నాం.