ముందు ఇంటివాళ్లను అడగండి



ఈ కూకట్‌పల్లిలో ఒకే మనిషి ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లిష్, ఆటో ఎక్కితే హిందీ మాట్లాడతాడు. ఆ మనిషికి పక్షవాతం వచ్చి మాట పడిపోతే, ఇవాళ స్పీచ్ థెరపిస్టులుగా పట్టాలు అందుకుంటున్న మీ దగ్గరికే తీసుకొస్తారు. ఏ భాషలో పరీక్షిస్తారు?

కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన ఫైలు చూశాను. తెలుగు కార్డు ముందు పెడితే చదవలేకపోయారు. పరీక్షించినవాళ్లు ‘చదివే శక్తి పోయింది’ అని రాసేశారు. నిజాం కాలంలో ఆయన ఉర్దూ మీడియంలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడినా తెలుగు చదవడం ఎన్నడూ నేర్చుకోలేదు. కొడుకు చెప్పేదాకా ఈ సంగతి ఎవరికీ తెలీదు. ఉర్దూ పేపరు ఇస్తే హెడ్డింగు తడుముకుంటూనే చదివారు. పోయిందేమిటో తేల్చాలంటే అంతకుముందు ఏముందో తెలియాలి. మన పనిలో ఇంతకంటే ముఖ్యమైనది నాకు కనిపించదు.

ఒకటికి మించి భాషలు వచ్చినవాళ్ల విషయంలో మన హైదరాబాద్ ప్రపంచానికే పాఠం చెప్పింది. ఇక్కడి నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. రెండు భాషలు వచ్చినవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఆ బృందమే 608 మంది స్ట్రోక్ (పక్షవాతం) రోగులపై చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. ఆలోచనాశక్తి దెబ్బతినకుండా బయటపడ్డవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6 శాతం. అఫేజియా, అంటే మాట దెబ్బతినడం, మాత్రం ఇరువర్గాల్లోనూ దాదాపు సమానమే.

వందలమందిని లెక్కగట్టేటప్పుడు ‘రెండో భాష వచ్చా, రాదా’ అన్న ప్రశ్న సరిపోతుంది. మీ ఎదుట కూర్చున్న ఒక్క మనిషికి అది చాలదు. ఆ భాష ఏ వయసులో వచ్చింది, ఎవరితో మాట్లాడేవారు, రోజుకు ఎంతసేపు, విని అర్థం చేసుకోవడం వరకేనా, రాస్తారా? 2007లో వచ్చిన లీప్-క్యూ ప్రశ్నావళి ఇలాంటివే అడుగుతుంది. కానీ అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు సొంతంగా నింపేలా తయారైంది. మాటే పడిపోయినవాళ్లు తమ భాషకు సున్నా నుంచి పది దాకా మార్కులు ఎలా వేసుకుంటారు? ప్రశ్న చిన్నది చేయండి, బొమ్మ చూపించండి, తల ఊపితే చాలనండి. ఆ తర్వాత ఇంటివాళ్లతో సరిచూసుకోండి. భార్య ఒకటి చెబుతుంది, ఆఫీసు స్నేహితుడు ఇంకొకటి చెబుతాడు. ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరి మాటా రాసుకోండి.

కొత్త కేసు వస్తే కార్డులు బయటికి తీయకముందు ఓ అరగంట ఆ కుటుంబంతో కూర్చోండి. ఓపీ రద్దీలో అరగంట దొరకడం కష్టమని తెలుసు. అయినా కూర్చోండి.