కాలేజీలో ఎవరు మాట్లాడాలి?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ బడి పంతుల్ని. ఇరవై ఏళ్లుగా అలిఫ్, బే చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అయినా తెలుగులోనే మాట్లాడమని సెక్రటరీ సాబ్ కోరారు. కాలేజీకి పోయే మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ చదవడం రాదు కాబట్టి అలా కోరారు. ఆ బాధ ఇంకో సభలో చెప్పుకుంటాను, దానికి ఒక పూట చాలదు. ఈ రోజు నాకిచ్చిన విషయం వేరు. జనం రెండుగా చీలి పోట్లాడుకునేటంతటి రాజకీయ వక్తలను కాలేజీల్లో మాట్లాడనివ్వాలా, వద్దా?

ముందు నా తప్పు ఒకటి మీ అందరి ముందు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మన ప్రాంతంలోని ఒక కాలేజీ వాళ్లు ఒక రాజకీయ వక్తను పిలిచారు. మన వాళ్లను గురించి ఆయన ఎప్పుడూ మంచిగా మాట్లాడింది లేదు. మన పెద్దలు కొందరు కలిసి, ఆయన్ని రానివ్వరాదని అర్జీ పెట్టాలన్నారు. దస్తూరీ బాగుంటుందని నా చేతికే కలం ఇచ్చారు. “శాంతిభద్రతల దృష్ట్యా” అనే మాట నేనే వెతికి పెట్టాను. సభ రద్దయింది. ఆ సాయంత్రం మేము చాయ్ తాగుతూ గెలిచామనుకున్నాం.

2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చినప్పుడు అదే కాలేజీలో మన పిల్లలు ఒక వకీలును పిలిచి ఆ చట్టంలో ఏముందో చెప్పించుకోవాలనుకున్నారు. ఎవరో అభ్యంతరం రాసి ఇచ్చారు. ప్రిన్సిపాల్ గారు కాదన్నారు. అడగడానికి పిల్లల వెంట నేనూ వెళ్లాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, ఫైలు తెప్పించి, ఒక కాగితం చూపించారు. అభ్యంతరం వచ్చిన ఏ వక్తనూ పిలవరాదని మా అర్జీ తరువాత వాళ్లు తీర్మానం చేసుకున్నారట. దాని వెనకే కుట్టి ఉంది మా అర్జీ. నా దస్తూరీ నేను గుర్తు పట్టలేనా! పిల్లలకు మాత్రం ఆ రోజు ఏమీ చెప్పలేకపోయాను.

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికింది చదువుతున్నాను. అమెరికా దేశంలో ఇదే పేచీ అరవై ఏళ్ల కిందట పెద్ద ఎత్తున నడిచింది. మాల్కం ఎక్స్ పేరు మీలో చాలామంది విన్నారు. 1961లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆయన్ని పిలిస్తే, అధికారులు ఆయన మత ప్రచారకుడని చెప్పి లోపలికి రానివ్వలేదు. అప్పుడు పక్కనే ఉన్న స్టైల్స్ హాల్ వాళ్లు చోటిచ్చారు. అది వై.ఎం.సి.ఎ. వారి భవనం, అంటే క్రైస్తవ యువకుల సంఘానిది! మన మనిషికి గుమ్మం తెరిచింది వాళ్లు. ఈ ముక్క చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

మన మనిషి అన్నాను గానీ, 1961లో ఆయన చెప్పినవన్నీ మనం ఒప్పుకునేవి కావు. తెల్లజాతి వాళ్లంతా సైతానులని చెప్పే సంస్థలో ఉన్నాడప్పుడు. ఇస్లాం అలా చెప్పదని మనకు తెలుసు. ఆ రోజుల్లో ఒక తెల్ల పిల్లవాడి తండ్రి ఆయన మీద అర్జీ రాసి ఉంటే, నా అర్జీ లాగానే ఉండేదేమో! అదే మాల్కం 1963 అక్టోబరులో అదే బర్క్‌లీలో మాట్లాడాడు. 1964లో హజ్ చేసి వచ్చాక ఆయన మాటే మారిపోయింది. ఆ డిసెంబరులో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల చర్చా సభలో మాట్లాడితే, ఓట్లలో ఆయన పక్షం 137, ఎదుటి పక్షం 228. ఓడిపోయాడు. కానీ ఆ ప్రసంగాన్ని ఈనాటికీ వింటున్నారు.

ఇక నార్త్ కరోలినా సంగతి. 1963 జూన్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కమ్యూనిస్టు వక్తల మీద ఉన్న నిషేధం ఎత్తివేసింది. విచిత్రం, అదే నెలలో నార్త్ కరోలినా శాసనసభ ప్రభుత్వ కాలేజీల్లో కమ్యూనిస్టులు మాట్లాడరాదని హడావుడిగా చట్టం చేసింది. ఆ వలలో ఎవరు పడ్డారనుకున్నారు? భారత పౌరసత్వం తీసుకుని భువనేశ్వర్‌లో స్థిరపడ్డ జె.బి.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త. ఆయన చెప్పేది జన్యుశాస్త్రం. నువ్వు కమ్యూనిస్టువా అని అడిగితే జవాబివ్వనన్నాడు, ఉపన్యాసం ఆగిపోయింది.

1966 మార్చిలో చాపెల్ హిల్ విద్యార్థులు ఒక ఉపాయం చేశారు. కాలేజీ ఆవరణకు, ఊరి వీధికి మధ్య పొట్టి రాతి గోడ ఉంది. నిషేధించిన వక్తలు ఫ్రాంక్ విల్కిన్‌సన్, హెర్బర్ట్ ఆప్తేకర్ వీధి పక్కన నిలబడి మాట్లాడారు, పిల్లలు గోడకు లోపల గడ్డిలో కూర్చుని విన్నారు. మాటలకు గోడ అడ్డమా? తరువాత విద్యార్థులే కోర్టుకు వెళ్లారు. 1968 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టు ఆ చట్టం అస్పష్టంగా ఉందని కొట్టివేసింది.

ఇదంతా ఇంట్లో చెబితే డిగ్రీ చదివే మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. “అబ్బా, మనల్ని తిట్టేవాడు స్టేజీ మీద ఉంటే, నేను బురఖాతో ముందు వరసలో కూర్చుని వినాలా? మీరైతే గోడ అవతలి కథలు చెబుతారు, అందరూ తిరిగి చూసేది నన్ను కదా?” అంది. నిజమే. ఆ కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో నాకన్నా దానికే తెలుసు. వినడం ఇష్టం లేకపోతే పోకుండా ఉండే హక్కు నీకుంది అన్నాను. పోతే మాత్రం ప్రశ్న అడిగే హక్కు ఉండాలి, ప్రశ్నలకు చోటివ్వని సభకు కాలేజీ హాలు ఇవ్వరాదని మనం పట్టుబట్టవచ్చు. కొట్టండి, తరమండి అని రెచ్చగొడితే అది వేరే సంగతి. రాజ్యాంగం 19వ అధికరణంలో మాట్లాడే స్వేచ్ఛతో పాటే దాని హద్దులూ ఉన్నాయి. వర్గాల మధ్య ద్వేషం పెంచే మాటలకు భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ఉంది. పోలీసు స్టేషన్‌కు పోయి ఫిర్యాదు రాద్దాం, అక్కడ నా దస్తూరీ పనికొస్తుంది. మా అమ్మాయికి ఈ జవాబు పూర్తిగా నచ్చలేదు. మీలోనూ కొందరికి నచ్చకపోవచ్చు.

ప్రిన్సిపాల్ గారికి మరో కాగితం రాశాను. మా పాత అర్జీ వల్ల వచ్చిన ఆ తీర్మానాన్ని రద్దు చేయమని, ఆ మొదటి వక్తతో సహా ఎవరినైనా పిలుచుకోవచ్చునని అందులో ఉంది. అప్పుడు సంతకాలు చేసిన పెద్దలను మళ్లీ చేయమంటున్నాను. ఇప్పటికి ముగ్గురు చేశారు. ఇద్దరు ఆలోచిస్తామన్నారు. ఒకాయన నాతో మాట్లాడటం మానేశారు.

కాలేజీ తలుపు తెరిచేదాకా మన సొసైటీ హాలు ఖాళీగానే ఉంది కదా. వకీలు గారు వచ్చే నెల రెండో ఆదివారం వస్తామన్నారు. వక్ఫ్ చట్టాన్ని సమర్థించే ఒక లెక్చరర్ గారిని కూడా పిలవాలని నా మనవి. ఆయన వస్తానంటున్నారు, కార్యవర్గం సరేనంటే. కుర్చీలు నలభై ఉన్నాయి, ఇంకొన్ని అద్దెకు తేవాలి. మైకు గరగరమంటోంది, దాన్ని బాగు చేయించమని ట్రెజరర్ గారికి చెప్పి సెలవు తీసుకుంటున్నాను.