గుట్టు వెల, గెలుపు వెల



ఓడినవాడు కచేరిలో నేడ్చును, గెలిచినవాడు ఇంటికి బోయి యేడ్చునని మన పెద్దలమాట. ఇంగ్లండులో సామాన్యముగా గెలిచినవాని ఖర్చులను గూడ ఓడినవాడే చెల్లింపవలెను.

2001లో అచటి డెయిలీ మిర్రర్ పత్రిక, నయోమీ క్యాంబెల్ అను ప్రసిద్ధ మోడలు మాదకద్రవ్య వ్యసనమునకు పొందుచున్న చికిత్స వివరములను, చాటున దీసిన ఛాయాచిత్రముతో బ్రకటించెను. ఆమె దావా వేసి 2002లో గెలిచెను. ఆ యేటనే అప్పీలులో నోడెను. 2004లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభలో మరల గెలిచెను. పరిహారము 3,500 పౌనులు. పత్రికను చెల్లింపుమని కోరిన ఖర్చులో, 10 లక్షల పౌనులకు మించినవి!

ఇంత యేల? ప్రభువుల సభలో ఆమె వకీళ్ల యొడంబడిక యిట్టిది: ఓడినచో ఫీజు లేదు, గెలిచినచో దాదాపు రెండింతలు. ఆ యదనపు భారము పత్రికపై బడెను. పేదలకును న్యాయస్థానద్వారము తెరచుటకై యేర్పడిన పద్ధతి, భాగ్యవంతురాలికి నక్కరకు వచ్చెను. 2011లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము, ఆమె గుట్టును కాపాడిన తీర్పు సరియే గాని, యీ యదనపు ఫీజు పత్రికాస్వాతంత్ర్యమునకు భంగకరమని నిర్ణయించెను. 2019 ఏప్రిల్ మొదలు అట్టి కొత్త యొడంబడికల యదనపు ఫీజును ఓడినవారిపై వేయరాదు.

ఇక చిక్కు వేరొకటి. వకీలు ఫీజునకు వెరచి పత్రిక నిజమును దాచరాదు. అదే వెరపుతో పేదవాడు తన గుట్టు బజారున బడినను మిన్నకుండరాదు. తగవుకంటె దాని ఖర్చే పెద్దదైనచోట, న్యాయము కలిమిగలవాని సొత్తగును. ఇది పెద్దలు విచారింపదగిన విషయము.