కాలేయంలో కొవ్వు, బరువు తగ్గించే సూది



హార్మోన్ సూది అనగానే ఇక్కడ చాలామందికి 1985 నాటి పటాన్‌చెరు గుర్తుకొస్తుంది. సరైన సమాచారం ఇవ్వకుండా పల్లె స్త్రీల మీద నెట్-ఎన్ గర్భనిరోధక సూది ప్రయోగం తలపెట్టినప్పుడు స్త్రీశక్తి సంఘటన, సహేలి వంటి సంఘాలు 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. ఆ అనుమానం మంచిదే. అయితే ఇప్పటి బరువు తగ్గించే సూదుల సంగతి వేరు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అనే ఈ మందులు, అన్నం తిన్నాక మన పేగుల్లో పుట్టే హార్మోన్లను అనుకరిస్తాయి. ఆకలిని తగ్గిస్తాయి.

లివర్లో కొవ్వు ఎక్కడినుంచి చేరుతుంది? నూనె, నెయ్యి అనేస్తాం. 2005లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం ప్రకారం తిండిలోని కొవ్వు వాటా 15 శాతమే. 59 శాతం ఒంట్లోని కొవ్వు కరిగి రక్తం ద్వారా చేరింది. 26 శాతం, ఎక్కువగా పిండి, చక్కెరల నుంచి, కాలేయమే తయారుచేసుకుంది. నెయ్యి వేసిందని కోడల్ని తిట్టే ఇళ్ళలో ఈ లెక్క చదివి వినిపించాలి!

జిఎల్‌పి-1 హార్మోన్‌ని అందుకునే గ్రాహకాలు కాలేయ కణాల్లో దాదాపు లేవు. కాబట్టి సెమాగ్లుటైడ్ అక్కడి కొవ్వును నేరుగా కరిగించదు. తిండి తగ్గి, ఒంట్లో కొవ్వు తగ్గి, ఇన్సులిన్ సరిగా పనిచేస్తే కాలేయానికి వచ్చే కొవ్వూ, అక్కడ తయారయ్యే కొవ్వూ రెండూ తగ్గుతాయి. కాలేయం వాచి మచ్చకట్టటం మొదలైనవారి మీద 72 వారాల పరీక్షలో, వాపు పోయినవారు ఈ మందుతో 63 శాతం, మందులేని సూదితో 34 శాతం. మచ్చ తగ్గినవారు 37, 22 శాతం. దీన్నిబట్టి 2025 ఆగస్టులో అమెరికా ఈ జబ్బుకు దాన్ని అనుమతించింది. చిన్న విషయం కాదు. కానీ ఊబకాయం మీద జరిగిన మరో పరీక్షలో, మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది.

మార్కెట్ మాత్రం మనల్ని అద్దం ముందు నిలబెడుతుంది. బెంగాల్లోని బీర్భూం పల్లెల్లో, 2010లో వెలువడిన అధ్యయనం ప్రకారం, కాలేయంలో కొవ్వున్నవారిలో 75 శాతం మంది బిఎమ్ఐ 25 లోపే. సన్నగా ఉన్న కూలి స్త్రీకి, ముట్లుడిగాక ఈ ముప్పు పెరిగినా, లివర్ పరీక్ష ఎవరు రాస్తారు? 2025 మార్చిలో టిర్జెపటైడ్ మన దేశానికి వచ్చినప్పుడు అతి చిన్న మోతాదు, వారానికొక సూది, 3,500 రూపాయలు.

ఇంకొక సంగతి. టిర్జెపటైడ్ వాడేటప్పుడు గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గవచ్చు. మొదలుపెట్టిన 4 వారాలూ, మోతాదు పెంచిన ప్రతిసారీ 4 వారాలూ కండోమ్ కూడా వాడాలి. సెమాగ్లుటైడ్‌ని గర్భం కోరుకునే ముందు కనీసం 2 నెలలు ఆపాలి. పీసీఓడీ ఉన్న అమ్మాయికి బరువు తగ్గితే అండం విడుదల మళ్ళీ మొదలు కావచ్చు. ఇవన్నీ తెలుగులో కాగితం మీద రాసి ఇవ్వమని, సూది రాసే డాక్టర్‌ని అడగండి.